వైజాగ్‌లో రెండొందల మందికి సరిపోయే నాటకం హాల్ ఎక్కడుంది?

కట్_కర్టెన్ (1)
మాది ఎనిమిది మంది బృందం. అందరం ఉద్యోగస్తులం, రాత్రిళ్ళు రిహార్సల్. ఏడాదికి ఒక నాటిక, యాభై నిమిషాలది. చూడ్డానికి నూట యాభై, మహా అయితే రెండొందల మంది వస్తారు. అందులో సగం చుట్టాలే అనుకోండి.

క్రితం నెల ఊళ్ళో ఒక హాల్ తీసుకున్నాం. పేరు చెప్పను, మళ్ళీ అక్కడికే వెళ్ళాల్సి రావచ్చు. ఎనిమిదిన్నర దాకా మాదేనని రసీదు రాసిచ్చారు. మర్నాడు పొద్దున్న అక్కడే ఎవరిదో రిసెప్షన్. ఏడుంబావు అయింది. తండ్రి పాత్ర కొడుకు ఉత్తరం చదివే సీను. స్టేజీ మీద ఒకే లైటు, హాలంతా నిశ్శబ్దం. కుడి వింగ్‌లోంచి ఒకాయన లుంగీ ఎగ్గట్టుకుని, చేతిలో టేపుతో నడుచుకుంటూ వచ్చాడు. డెకరేషన్ మనిషి. టేపు కొసను తండ్రి కూర్చున్న కుర్చీ కాలికింద దూర్చి, అటు చివరి దాకా లాక్కుపోయి, "ఇరవై ఎనిమిది!" అని అరిచాడు. తెర వెనకాల నుంచి ఇంకో గొంతు, "రాసుకున్నా!"

జనం చప్పట్లు కొట్టారు. మాది ఇల్లు అమ్మకానికి పెట్టిన కథ. కొలతలకి వచ్చిన మనిషి అనుకున్నారు. అయిపోయాక ఇద్దరు వచ్చి, ఆ టేపు పాత్ర చేసినాయన చాలా సహజంగా చేశాడండీ అని మెచ్చుకున్నారు కూడా.

నవ్వుకున్నాం గానీ కడుపు మండిపోయింది. ఇంత ఊరు ఇది. అంతర్జాతీయ క్రికెట్ ఆడే స్టేడియం ఉంది, ఏసీ ఆడిటోరియాలున్నాయి. రెండు పక్కలా వింగ్స్, ఒక గ్రీన్ రూమ్, మధ్యలో ఇరుక్కోని కర్టెన్ ఉన్న చిన్న హాల్ ఎక్కడైనా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పూర్ణామార్కెట్_బుల్లోడు (2)
ఉత్తమ సహాయ నటుడు బహుమతి ఆ టేపు ఆయనకే.

సిరిపురం_వాసి (3)
సిరిపురంలోనే రెండున్నాయి కదండీ. గురజాడ కళాక్షేత్రం, చిల్డ్రన్స్ ఎరీనా. ఇంకేం కావాలి?

కట్_కర్టెన్ (4)
రెండూ మంచివే, మాకు మరీ పెద్దవి. అంత హాల్లో రెండొందల మందిని కూర్చోబెడితే పెళ్ళయిన మర్నాటి పందిరిలా ఉంటుంది. వచ్చినవాళ్ళు కూడా తలో మూల కూర్చుంటారు. ఒక మూల నవ్వు ఇంకో మూలకి అంటుకోదు.

గజ్జెల_టీచర్ (5)
నేను కూచిపూడి నేర్పుతాను, పాతికేళ్ళ పైమాటే. కట్_కర్టెన్ గారు అడిగిన ప్రశ్న మా పిల్లల రంగప్రవేశాలప్పుడు ప్రతిసారీ నేనూ అడుగుతుంటాను.

పిఠాపురం కాలనీలో కళాభారతి ఉంది. సంగీతం, నాట్యం కోసమని కట్టుకున్న హాల్ అది. అక్కడికి వచ్చే శ్రోతలే వేరు. తాళం వేస్తూ వింటారు, పిల్ల తప్పేస్తే ముందు వరసలో పెద్దాయన ముఖం చూస్తేనే తెలిసిపోతుంది. అయితే మంచి రోజుల్లో తేదీ దొరకాలంటే ఎప్పుడో అడిగి పెట్టుకోవాలి. ఊరంతా అక్కడికే పరుగెడితే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

మీరంతా కుర్చీల గురించి అడుగుతారు. నేను మొదట నేల చూస్తాను. చెప్పులు విడిచి, స్టేజీ మీద రెండు అడుగులు గట్టిగా వేసి చూస్తాను. కింద చెక్క ఉంటే అడుగు తిరిగి లేస్తుంది. సిమెంటు మీద గ్రానైట్ పరిచిన స్టేజీ అయితే ఆ దెబ్బంతా మోకాలికే. గంటన్నర కార్యక్రమం తర్వాత పిల్లలు మెట్లు దిగలేరు. పైన ఎర్ర తివాచీ పరుస్తారు చూశారా, దాంతో ఇంకో గొడవ. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి, ఆ పళ్ళేన్ని పాదాలతో జరుపుతూ ముందుకి రావాలి. తివాచీ మీద పళ్ళెం కదలదు. గ్రానైట్ మీదైతే జర్రున పోతుంది, పైగా గీసుకున్న చప్పుడు మృదంగాన్ని మింగేస్తుంది.

ఒకసారి ఒక హాల్లో (నేనూ పేరు చెప్పను) ముందురోజు ఫ్లెక్సీ ఫ్రేమ్ కొట్టిన మేకు తివాచీ కింద అలాగే ఉండిపోయింది. జతిస్వరం మధ్యలో మా అమ్మాయి పాదంలో దిగింది. పిల్ల ఆపలేదు. పారాణి ఎరుపూ నెత్తురు ఎరుపూ కలిసిపోయి ఎవరికీ తెలియలేదు. తెర పడ్డాక ఏడ్చింది. అప్పట్నుంచి కార్యక్రమానికి ముందు నేనే మోకాళ్ళ మీద కూర్చుని స్టేజీ అంతా అరచేత్తో తడుముతాను. మా ఆయన వీడియో తీసి నవ్వుతారు, తీసుకోనీండి.

మైక్_టెస్టింగ్_123 (6)
టీచర్ గారూ, దండం. నాది సౌండ్ పని. మీరు నేల చూస్తారు, నేను చప్పట్లు కొడతాను. స్టేజీ మధ్యలో నిలబడి ఒక్క చప్పట. అది వెంటనే ఆగిపోతే నాటకానికి మంచిది. గోడల మీద తిరిగి తిరిగి వచ్చిందా, డైలాగు చివరి అక్షరాలు పోయినట్టే. పాటకి కాస్త గింగురుమన్నా అందమే, మాటకి పనికిరాదు. ఒక్క సంగతి, ఖాళీ హాల్లో విని భయపడొద్దు. జనం నిండితే వాళ్ళ ఒళ్ళూ బట్టలే సగం శబ్దం తాగేస్తాయి. రెండొందల మందితో పెద్ద హాల్ వద్దనడానికి ఇదీ కారణమే.

ఇంక ఫ్యాన్లు. నాటకానికి పైన హ్యాంగింగ్ మైకులు పెడతాం. ఫ్యాన్ తిరిగితే ఆ గాలి రొద అంతా మైకులోకే. ఫ్యాన్ ఆపితే మన వైజాగ్ ఉక్కపోతకి రెండో వరసలో వాళ్ళు పాంప్లెట్లతో విసురుకుంటారు. ఆ టపటపలు కూడా మైకులోకే.

జగదాంబ_సెంటర్ (7)
హాళ్ళ సంగతి సరే, ఊరి మధ్యలో ఆట చూసే యోగం కూడా పోయింది కదా. ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో ధోనీ 148 కొట్టినప్పుడు నేనక్కడే ఉన్నాను. మ్యాచ్ అయ్యాక నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాం. ఇప్పుడు మ్యాచ్‌కి మధురవాడ స్టేడియం పోవాలంటే ఒక పూట ప్రయాణం.

కొమ్మాది_కుర్రాడు (8)
బాబాయ్, ధోనీ 148 మధురవాడలోనే. 2005 ఏప్రిల్ 5, పాకిస్తాన్ మీద. ఆ స్టేడియంలో మొదటి వన్డే అదే. ఇందిరా ప్రియదర్శినిలో వన్డేలు 2001లో ఆస్ట్రేలియాతో ఆడినదానితో సరి.

జగదాంబ_సెంటర్ (9)
అయితే నడిచి వచ్చింది ఏ మ్యాచ్ నుంచి?

పాత_పోస్టాఫీసు (10)
1988 కావచ్చు. న్యూజిలాండ్‌తో. శ్రీకాంత్ 70 కొట్టి, బౌలింగ్‌కి దిగి 5 వికెట్లు తీశాడు. శ్రీకాంత్‌కి 5 వికెట్లేంటని మా నాన్న పేపర్ వచ్చేదాకా నమ్మలేదు. లేదంటే 1996 ప్రపంచ కప్, ఆస్ట్రేలియా, కెన్యా. మార్క్ వా 130. మన జట్టు లేకపోయినా స్కూలు ఎగ్గొట్టి మరీ వెళ్ళాం. గోడ మీద కూర్చున్నవాళ్ళతో కలిపి లెక్కేస్తే ఎంతమందో దేవుడికే తెలియాలి.

జగదాంబ_సెంటర్ (11)
శ్రీకాంతే అయ్యుంటాడు. ధోనీని టీవీలో చూశానేమో మరి. పెద్దవాణ్ణయ్యాను.

900కే_ప్రయాణికుడు (12)
మధురవాడ అదృష్టం కూడా అంతే. 2012 సెప్టెంబరులో న్యూజిలాండ్‌తో టీ20. కేన్సర్ నుంచి కోలుకున్నాక యువరాజ్ మళ్ళీ ఆడాల్సిన మ్యాచ్. ఒక్క బంతి పడకుండా వాన మింగేసింది. తడిసిన టికెట్ ఇప్పటికీ నా దగ్గరుంది. 2014 అక్టోబర్‌లో వెస్టిండీస్ మ్యాచ్ అనుకుంటే, రెండు రోజుల ముందు హుద్‌హుద్ వచ్చి ఊరినే ఊడ్చేసింది. మ్యాచ్ రద్దు. ఇంట్లో కరెంటు లేదు, క్రికెట్ ఎవడిక్కావాలి అప్పుడు.

కట్_కర్టెన్ (13)
నాటకం హాల్ అడిగితే స్కోర్‌కార్డు వచ్చింది. ఇదీ మన ఊరు.

షటిల్_అంకుల్ (14)
మా బాధ కూడా వినండి, మీ టేపు కథకి చుట్టమే. రోజూ పొద్దున్న ఐదున్నరకి ఒక ఇండోర్ హాల్లో షటిల్ ఆడతాం. నెలసరి డబ్బులు కడతాం. ఏడాదిలో నాలుగైదుసార్లు నోటీసు పెడతారు, ఎగ్జిబిషన్, వారం రోజులు ఆట లేదని. సోఫాలు, మసాజ్ కుర్చీలు, ఊరగాయలు, అన్నీ అక్కడే. వాళ్ళు వెళ్ళాక కోర్టు మీద టేపు జిగురు, స్టాల్ కాళ్ళు దిగబడిన గుంటలు. ఒక గుంటలో నా మడమ మెలిక పడింది, ఆరు వారాలు కట్టు. మా ఆవిడ అదే ఎగ్జిబిషన్‌లో మామిడల్లం పచ్చడి కొనుక్కొచ్చింది. బాగానే ఉంది, అది వేరే సంగతి.

హాల్_తాళాలు (15)
నేను అవతలి పక్కవాణ్ణి. ఒక ఆడిటోరియంలో లెక్కలు చూసేవాణ్ణి, ఇప్పుడు రిటైరయ్యాను. తిట్టండి గానీ ఒక ముక్క వినండి.

ఏసీ హాల్ కడితే కరెంటు కనెక్షన్ పెద్దది తీసుకోవాలి. ప్రదర్శన ఉన్నా లేకపోయినా డిమాండ్ ఛార్జీ నెలనెలా పడుతుంది. వాచ్‌మన్, స్వీపర్, ఎలక్ట్రీషియన్ జీతాలు ఆగవు. ఇంకోటి, సముద్రం. ఉప్పుగాలికి కర్టెన్ కప్పీలు, లైట్ల బిగింపులు తుప్పు పడతాయి. మా హాల్లో తెర సగంలో ఆగిపోతే కింద నిలబడి వెదురుగడతో తోసేవాణ్ణి. బాగుచేయించమని రాస్తే, వచ్చే బడ్జెట్‌లో చూద్దామనేవారు. నాటకం వాళ్ళు రాయితీ అడుగుతారు, న్యాయమే. పెళ్ళివాళ్ళు బేరం కూడా ఆడరు, ముహూర్తం కుదిరితే చాలు. ముహూర్తాల నెలలో హాల్ ఎవరికి పోతుందో మీరే చెప్పండి.

గజ్జెల_టీచర్ (16)
అందుకే మేమంతా ఆషాఢంలో, మూఢాల్లో కార్యక్రమాలు పెట్టుకుంటాం. పంచాంగం చూసి, పెళ్ళిళ్ళు లేవంటే మాకు శుభముహూర్తం.

పూర్ణామార్కెట్_బుల్లోడు (17)
మూఢంలో రంగప్రవేశం. బావుంది.

కట్_కర్టెన్ (18)
హాల్_తాళాలు గారూ, తిట్టడం లేదు. నేననేదీ అదే. పెద్దది కడితే దాన్ని పోషించడానికి పెళ్ళిళ్ళు కావాలి, పెళ్ళిళ్ళొస్తే కళ బయటికి పోతుంది. చిన్నది కడితే రెండు స్ప్లిట్ ఏసీలతో పోతుంది కదా. చిన్నది ప్రారంభించడానికి ఏ మంత్రీ రాడు, అదీ అసలు చిక్కు.

ఉక్కునగరం_సెక్టార్ (19)
ఇంతసేపూ చదువుతున్నాను. వైజాగ్ అంటే జగదాంబ నుంచి ఎంవీపీ దాకానేనా? ఉక్కునగరంలో క్లబ్బులున్నాయి, స్టేడియం ఉంది, తృష్ణా గ్రౌండ్ ఉంది. ఒకప్పుడు పంజాబీ, బెంగాలీ, ఒరియా వాళ్ళతో కలిసి మనవాళ్ళు నాటకాలేసిన చోటు. దసరా వస్తే బెంగాలీల పందిట్లో నాటకం, పక్క వీధిలో మన బుర్రకథ. ఎవరూ మా వైపు చూడరు.

సిరిపురం_వాసి (20)
చూస్తాం గానీ, నాటకం తొమ్మిదింటికి అయ్యాక గాజువాక దాటి ఇంటికి ఎలా చేరాలి?

ఉక్కునగరం_సెక్టార్ (21)
మేము ముప్ఫై ఏళ్ళుగా మీ సిరిపురానికి వచ్చి ఎలా చేరుకుంటున్నామో అలాగే.

900కే_ప్రయాణికుడు (22)
దెబ్బకి దెబ్బ. 😄

ఎస్.కోట_ప్యాసింజర్ (23)
మీ వింగ్స్, కర్టెన్ల గొడవలో మా సంగతి కూడా రాయనివ్వండి. మా బాబాయి తప్పెటగుళ్ళు ఆడతాడు. పదిహేను ఇరవై మంది, కాళ్ళకి మువ్వలు, గుండెల మీద రేకు తప్పెట, గుండ్రంగా తిరుగుతూ ఎగురుతారు. చుట్టూ జనం ఉండాలి. ఆట అలా పుట్టింది, వీధిలో.

ఒకసారి సిటీలో ఏదో ఉత్సవమని పిలిచారు. స్టేజీ ఎక్కించారు. వెనక ఎల్‌ఈడీ తెర, ముందు సౌండు బాక్సులు, మధ్యలో మిగిలింది చాపంత చోటు. ఇరవై మందిలో ఎనిమిది మందిని ఆడమన్నారు, మిగతావాళ్ళు మెట్ల మీద నిలబడ్డారు. ఆ ఎనిమిది మందీ గుండ్రంగా తిరగలేక వరసగా నిలబడి ఎగిరారు. ఐదు నిమిషాలకి మైకులో థాంక్యూ అన్నారు. బాబాయి దిగొచ్చి "ఏట్రా ఇది, రేషను క్యూలో ఎగిరినట్టుంది" అన్నాడు. ఆయనకి ఆడిటోరియం అక్కర్లేదు. చదునుగా ఉన్న మట్టి, చుట్టూ నాలుగు మెట్లు, ఒక వేపచెట్టు చాలు. అలాంటిది సిటీలో ఒక్కటి చూపించండి.

పాత_పోస్టాఫీసు (24)
ఎస్.కోట గారి మాట నన్ను కొట్టింది. ఆంధ్రా యూనివర్సిటీలో ఓపెన్ ఎయిర్ థియేటర్ ఉంది కదా. అబ్బూరి రామకృష్ణారావు గారు లైబ్రేరియన్‌గా పనిచేస్తూ నాటకాలు ఆడించిన క్యాంపస్ అది. అక్కడే థియేటర్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్ కూడా ఉంది, కట్_కర్టెన్ గారు ఆ పిల్లలతో ఒకసారి మాట్లాడండి. మా వైపు బొబ్బిలి రాజావారు ఇచ్చిన టౌన్ హాల్ ఉంది. ఆ మెట్లెక్కితే పాత విశాఖ గాలి తగులుతుంది. బీచ్ రోడ్డులో హవా మహల్ జైపూర్ సంస్థానం (రాజస్థాన్ కాదు, ఒడిశా జైపూర్) వారిది, చిన్న కచేరీలకి ముచ్చటగా ఉంటుంది. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో సాహిత్య సభలు జరుగుతూనే ఉంటాయి, కాంప్లెక్స్‌కి దగ్గర, ముసలివాళ్ళు కూడా బస్సులో రాగలరు.

మైక్_టెస్టింగ్_123 (25)
ఆరుబయట వేస్తే ఒకటి గుర్తుపెట్టుకోండి. మైక్‌కి పోలీస్ పర్మిషన్ ముందే తీసుకోవాలి. రాత్రి పది తర్వాత బయట మైక్ పెట్టకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. నాలుగు గోడల మధ్య ఆడిటోరియానికి ఆ పట్టింపు లేదు. ఇంకా, బీచ్ పక్కన వేస్తే అలల హోరు అనుకుంటారు అందరూ. కాదు. గాలి. మైకుకి స్పాంజి తొడుగు వేయకపోతే డైలాగుల బదులు తుపాను హెచ్చరిక వినిపిస్తుంది.

కొమ్మాది_కుర్రాడు (26)
అడగొచ్చో లేదో. నాటకానికి టికెట్ పెట్టొచ్చు కదా? మ్యాచ్‌కి వేలు పోసి కొంటున్నారు. మీరు ఫ్రీగా రమ్మంటారు, తర్వాత హాల్‌కి డబ్బుల్లేవంటారు.

కట్_కర్టెన్ (27)
పెట్టాం తమ్ముడూ, వంద రూపాయలు. మా సొంత బావమరిది "నన్ను కూడానా" అని అలిగాడు. కానీ నువ్వు చెప్పింది నిజమే. ఫ్రీగా వచ్చినవాడు ఫోన్ మోగితే ఎత్తి "నాటకంలో ఉన్నా, చెప్పు" అంటాడు. వంద ఇచ్చినవాడు బయటికెళ్ళి మాట్లాడాడు.

షటిల్_అంకుల్ (28)
నేను వంద ఇస్తాను. తర్వాతిది ఎప్పుడు?

మోడరేటర్ (29)
క్రికెట్ పోస్టులు ఇంకో నాలుగు తీసేశాను. శ్రీకాంత్ బౌలింగ్ యాక్షన్ మీద చర్చ వేరే దారంలో పెట్టుకోండి.

కట్_కర్టెన్ (30)
పది రోజుల తర్వాత అప్‌డేట్. అందరూ చెప్పినవి ఒక్కొక్కటీ తిరిగాను. చెప్పులు విడిచి తొక్కాను, చప్పట్లు కొట్టాను. ఒక చోట వాచ్‌మన్ "ఎవర్ని పిలుస్తున్నారు సార్" అన్నాడు.

చివరికి దొరికింది హాల్ కాదు. ఎంవీపీలో ఒక స్కూలు. వెనకాల ప్రార్థన చేసుకునే స్టేజీ ఉంది, పైన రేకు, ముందు మట్టినేల, పక్కన వేపచెట్టు కూడా ఉంది (ఎస్.కోట గారూ, మీ బాబాయిని అడగండి, మా నాటికకి ముందు అరగంట ఆ మట్టి వాళ్ళదే. ఇరవై మందీ రావాలి). హెడ్‌మాస్టర్ గారు కుర్రతనంలో పరిషత్తుల్లో ఆడవేషాలు వేసినాయన. అద్దె అడగలేదు, ఒక చిన్న పాత్ర అడిగారు. రాత్రి తొమ్మిదిన్నరకల్లా ముగిస్తాం. వాన వస్తే మాత్రం దేవుడే దిక్కు.

లేనివి, వింగ్స్. నల్ల గుడ్డ కావాలి. ఎవరి దగ్గరైనా ఉంటే రెండు రోజులకి ఇవ్వండి.

గజ్జెల_టీచర్ (31)
నా దగ్గర నాలుగున్నాయి, పన్నెండు అడుగుల ఎత్తువి. ఇస్త్రీ మీరే చేయించుకోండి. స్టేజీ నేల ఏమిటి?

కట్_కర్టెన్ (32)
నాపరాయి. అరచేత్తో తడిమాను టీచర్ గారూ, మేకుల్లేవు. ఒక మూల చూయింగ్ గమ్ ఉంది.

మైక్_టెస్టింగ్_123 (33)
మైకులు నేను తెస్తాను, డబ్బులు తర్వాత చూసుకుందాం. వైర్లు లెక్కేసుకోవాలి, స్టేజీ వెడల్పు ఎంత?

కట్_కర్టెన్ (34)
ఇరవై నాలుగు!

పూర్ణామార్కెట్_బుల్లోడు (35)
రాసుకున్నా!